ఉప్పుకు అణువు లేదు

సాయంత్రం పూట బస్టాండు బయట వేరుశనగ గింజలు వేయించే బండి మీరు చూసే ఉంటారు. పెద్ద ఇనుప మూకుడు, దాని నిండా నల్లబడ్డ ఉప్పు, కింద భగభగ మండే పొయ్యి. ఆ ఉప్పులో గింజలు పోసి గరిటెతో తిప్పుతూ ఉంటే కాసేపటికే ఘుమఘుమలాడుతూ వేగుతాయి. జల్లెడ పట్టి గింజలు తీసేస్తారు. ఉప్పు మళ్ళీ మూకుట్లోకే పోతుంది. నిన్న వాడిందీ అదే, రేపు వాడేదీ అదే. గింజల పొట్టు మాడి ఉప్పు నల్లబడుతుందే గాని, ఉప్పు మాత్రం కరగదు, మాడదు, ఆవిరైపోదు. ఆ మూకుట్లో ఉప్పుకు బదులు పంచదార పోశారనుకోండి. ముందు కరుగుతుంది, తరవాత ఎర్రబడుతుంది, పొగ చిమ్ముతుంది, ఆఖరికి గీకినా ఊడని బొగ్గై అడుగంటుతుంది.

చూడ్డానికి రెండూ తెల్లటి గింజలే. రెండూ నీళ్ళలో కరుగుతాయి. కళ్ళు మూసుకుని చేత్తో తడిమితే సన్న ఉప్పేదో, పంచదారేదో చెప్పడం అంత తేలిక కాదు. అయినా పంచదార 180 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి రూపం మార్చేసుకుంటుంది. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల వేడి తగలాలి. మన ఇంటి పొయ్యి మీద మూకుడు ఆ వేడికి చేరదు.

ఈ తేడా ఆ వస్తువుల్లోని పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న తీరులో ఉంది. ఉప్పులో ఉన్నది అయానిక బంధం. పంచదారలో ఉన్నది సమయోజనీయ బంధం. పదో తరగతి చదివిన వాళ్ళందరూ ఈ రెండు మాటలూ విన్నవాళ్ళే. కాగితం మధ్యలో నిలువు గీత గీసి, అటు కొన్ని, ఇటు కొన్ని భేదాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. ఆ పట్టికలో చాలామంది రాయని సంగతి ఒకటుంది. పంచదారకు అణువు ఉంది. మన కంచంలోని ఉప్పుకు అణువు లేదు. ఈ ఒక్క మాట మనసుకు పడితే పట్టికలోని మిగతా భేదాలు చాలావరకు బట్టీ పట్టనక్కర్లేకుండానే వస్తాయి. అందుకే ఇవాళ దాని గురించి తీరిగ్గా మాట్లాడదామనుకుంటున్నాను.

ఉప్పు సోడియం, క్లోరిన్ కలిసి ఏర్పడింది. సోడియం మెత్తటి లోహం, చాకుతో కోస్తే తెగుతుంది. నీళ్ళు తగిలితే భగ్గుమంటుంది. అందుకే ప్రయోగశాలల్లో కిరసనాయిల్లో ముంచి ఉంచుతారు. క్లోరిన్ పసుపుపచ్చా ఆకుపచ్చా కలిసిన రంగులో ఉండే విషవాయువు. 1915 ఏప్రిల్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలోని ఈప్రా దగ్గర జర్మన్ సైన్యం ఎదుటివాళ్ళ కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. ఇలాంటివి రెండు కలిస్తే మనం పప్పులో వేసుకునే ఉప్పు అయింది.

సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. లోపలి కక్ష్యలో రెండు, దాని బయట ఎనిమిది, అన్నిటికన్నా బయట ఒకే ఒక్కటి. క్లోరిన్‌లో 17. రెండు, ఎనిమిది, ఏడు. ఆ ఒక్కటీ సోడియం నుంచి క్లోరిన్‌కు చేరితే రెండిటి బయటి కక్ష్యలూ ఎనిమిదితో నిండుతాయి. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం ధనాత్మక అయాన్ అవుతుంది, పుచ్చుకున్న క్లోరిన్ రుణాత్మక అయాన్ అవుతుంది. ధన, రుణ ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. ఇదీ తరగతిలో చెప్పే కథ. అబద్ధమేమీ కాదు. కాకపోతే కథ ఇక్కడితో ఆపేస్తే పిల్లల మనసులో ఒక బొమ్మ పడిపోతుంది. సోడియం దాతలాగా తనంతట తాను ఎలక్ట్రాన్ ఇచ్చేసినట్టు, ఒక సోడియం ఒక క్లోరిన్‌తో జంట కట్టినట్టు.

ఈ బొమ్మలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది లెక్క వేస్తే బయటపడుతుంది. సోడియం ఎలక్ట్రాన్‌ను ఊరికే వదలదు. 23 గ్రాముల సోడియం ఆవిరిలోని ప్రతి పరమాణువు నుంచీ ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాగాలంటే 496 కిలోజౌళ్ళ శక్తి ఖర్చవుతుంది. అన్ని ఎలక్ట్రాన్లనూ క్లోరిన్ పరమాణువులు పుచ్చుకుంటే తిరిగి వచ్చేది 349 కిలోజౌళ్ళే. అంటే ఇచ్చిపుచ్చుకోవడం వరకే చూస్తే 147 కిలోజౌళ్ళ నష్టం. ఎనిమిది నిండిందన్న సంబరం ఈ నష్టాన్ని పూడ్చదు. మరి ఉప్పు ఎలా ఏర్పడింది? విడివిడిగా ఉన్న ఆ అయాన్లన్నీ దగ్గరకు చేరి, వరసలు కట్టి, గట్టి స్ఫటికంగా కుదురుకున్నప్పుడు 787 కిలోజౌళ్ళు బయటికి వస్తాయి. దీన్నే స్ఫటిక జాలక శక్తి అంటారు. లాభం వచ్చింది ఇక్కడ. ఒక సోడియం, ఒక క్లోరిన్ జతపడ్డందుకు కాదు, కోట్లకోట్ల అయాన్లు ఒక అమరికలోకి వచ్చినందుకు.

ఇక రెండో పొరపాటు, జంట అనుకోవడం. స్ఫటికంలోకి దిగి ఒక సోడియం అయాన్ దగ్గర నిలబడి చూస్తే దాని చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు కనిపిస్తాయి. ముందొకటి, వెనకొకటి, కుడి ఎడమల రెండు, పైనొకటి, కిందొకటి. ఆరూ సమాన దూరంలోనే ఉంటాయి. ఒక నానోమీటరులో 0.28 వంతు దూరం. ఆ ఆరింటిలో ఏది దాని జోడీ? చెప్పలేం. ఏ క్లోరైడ్ దగ్గరికి వెళ్ళి చూసినా అదే తంతు, దాని చుట్టూ ఆరు సోడియం అయాన్లు. ఫలానా సోడియం ఇచ్చిన ఎలక్ట్రానే ఫలానా క్లోరిన్ దగ్గరుందన్న జాడ ఎక్కడా ఉండదు. ఒక్కో పక్క 0.3 మిల్లీమీటర్లుండే సన్న ఉప్పు గింజలో ఇలాంటి సోడియాలు ఆరు వేల కోట్ల కోట్లు ఉంటాయి, క్లోరైడులూ అన్నే. గింజ మొత్తం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే అల్లిక. అందులో ఇక్కడ మొదలై ఇక్కడ ముగిసే అణువు అంటూ విడిగా ఏదీ లేదు. ఎన్‌ఏసీఎల్ అని మనం రాసేది అణువు పేరు కాదు, ఒకటికి ఒకటి అన్న నిష్పత్తి మాత్రమే.

ఈ సంగతి కనిపెట్టినప్పుడు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకే మింగుడు పడలేదు. 1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావే ఆలోచనతో స్ఫటికాల గుండా ఎక్స్ కిరణాలు పంపి, అవతల ఫొటో పలక మీద పడే చుక్కల అమరికను చూశారు. ఇంగ్లండులో విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కొడుకు విలియం లారెన్స్ బ్రాగ్ ఆ పని అందుకున్నారు. కొడుకు బ్రాగ్ 1913లో ఉప్పు స్ఫటికంలో ఏది ఎక్కడుందో తేల్చి చెప్పాడు. 1915లో తండ్రీకొడుకులిద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి కొడుకు వయసు 25. భౌతికశాస్త్రంలో అంత చిన్న వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్ళు ఇప్పటికీ ఇంకెవరూ లేరు.

కానీ ఉప్పులో సోడియం క్లోరైడ్ అణువులు లేవన్న మాట హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రసాయన శాస్త్రవేత్తకు ససేమిరా నచ్చలేదు. 1927లో, 80కి దగ్గర పడుతున్న వయసులో, ‘నేచర్’ పత్రికకు కోపంగా ఉత్తరం రాశారు. పాపం ఉప్పు అని అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. పరమాణువుల్ని చదరంగం బల్ల మీద గళ్ళలాగా పేర్చడం రసాయన శాస్త్రమే కాదన్నది ఆయన అభ్యంతరం. ఆర్మ్‌స్ట్రాంగ్ సామాన్యుడు కాదు. పిల్లలు పాఠం వల్లె వేయకూడదు, స్వయంగా ప్రయోగం చేసి తెలుసుకోవాలని జీవితమంతా వాదించిన మంచి గురువు. అలాంటి మనిషికీ అణువు లేని పదార్థాన్ని ఊహించుకోవడం కష్టమైంది. కాబట్టి మన పిల్లలకు ఇది ఒక్క పీరియడ్‌లో బోధపడలేదంటే తప్పు పిల్లలది కాదు. ఇంకో పీరియడ్ ఇవ్వాలి.

ఉప్పు గింజకున్న గుణాలు ఈ అమరికలోంచే వస్తాయి. కల్లుప్పు రాయి, అదే తెలంగాణలో దొడ్డుప్పు, ఒకటి తీసుకుని దాని పక్కకు సమాంతరంగా చాకు మొన ఆనించి చిన్నగా కొట్టి చూడండి. నలగదు, మెత్తగా సాగదు, నున్నటి అంచుతో చీలుతుంది. దెబ్బకు ఒక పొర పక్క పొర మీద కాస్త జరుగుతుంది. జరిగీ జరగ్గానే సోడియానికి ఎదురుగా సోడియం, క్లోరైడుకు ఎదురుగా క్లోరైడు వచ్చి నిలబడతాయి. ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి కదా, రెండు పొరలూ విడిపోతాయి. నౌపడలోనో, చినగంజాంలోనో ఉప్పుమళ్ళలో సముద్రపు నీరు ఎండగా ఎండగా తేలే గింజల్ని భూతద్దంతో చూస్తే చాలావాటికి చదరపు ముఖాలు కనిపిస్తాయి. కంటికి అందనంత లోపల ఉన్న అమరికే పైన ఆ మూలలుగా తేలింది.

ఇప్పుడు పంచదార వైపు వద్దాం. పంచదార అణువులో కార్బన్ 12, హైడ్రోజన్ 22, ఆక్సిజన్ 11, మొత్తం 45 పరమాణువులు. వీటిలో ఏదీ ఎలక్ట్రాన్‌ను పూర్తిగా వదులుకోదు. పక్కపక్కనున్న రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాన్ వేసి, ఆ జతను రెండూ కలిసి అనుభవిస్తాయి. 1916లో అమెరికాలో గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ ఈ ఎలక్ట్రాన్ జత ఆలోచనను ప్రకటించాడు. అదే ఏడు జర్మనీలో వాల్టర్ కోసెల్ అయాన్ల కథ చెప్పాడు. 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ లూయిస్ చెప్పిన బంధానికి ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టి ఊరూరా ప్రచారం చేశాడు. లాంగ్‌మ్యూర్‌కు తరవాత వేరే పరిశోధనకు నోబెల్ వచ్చింది. లూయిస్ పేరు నలభైసార్లకు పైగా ప్రతిపాదనకు వచ్చినా బహుమతి రాలేదు. రసాయన శాస్త్రం చదివే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఇవాళ్టికీ నోటుపుస్తకంలో పెట్టే ఎలక్ట్రాన్ చుక్కలు ఆయన నేర్పినవే.

రెండు పరమాణువులు ఒక జతను పంచుకున్నంత మాత్రాన ఎందుకు అంటుకుని ఉంటాయి? హైడ్రోజన్ అణువును చూడండి. రెండు కేంద్రకాలు, రెండూ ధనాత్మకం, కాబట్టి ఒకదాన్నొకటి తోసుకోవాలి. కానీ వాటి నడుమ ఉన్న చోట ఎలక్ట్రాన్ల సాంద్రత పెరుగుతుంది. ఆ రుణావేశం రెండు కేంద్రకాలనూ తనవైపు లాగుతుంది. 1927లో వాల్టర్ హైట్లర్, ఫ్రిట్స్ లండన్ అప్పుడే పుట్టిన క్వాంటం యాంత్రికశాస్త్రంతో ఈ లెక్క మొదటిసారి కట్టి చూపించారు. రెండు గ్రాముల హైడ్రోజన్‌లోని ఈ బంధాలన్నిటినీ తెంచాలంటే 436 కిలోజౌళ్ళు కావాలి.

అయాన్ తన ఆవేశంతో అన్ని దిక్కులకూ ఒకేలా లాగుతుంది. సమయోజనీయ బంధం అలా కాదు. దానికి ఫలానా జోడీ ఉంటుంది, ఫలానా దిక్కు ఉంటుంది. నీటిలో ఆక్సిజన్‌కు అతుక్కున్న రెండు హైడ్రోజన్ల మధ్య కోణం 104.5 డిగ్రీలు. గ్లాసులో ఉన్నా, గోదావరిలో ఉన్నా, మబ్బులో ఉన్నా దాదాపు అంతే. కార్బన్ నాలుగు బంధాలు వేస్తే నాలుగూ ఎడమెడమై, ఒక్కో జత మధ్య 109.5 డిగ్రీల కోణంలో నిలుస్తాయి. దిక్కు ఉంది కాబట్టే అణువుకు ఆకారం వచ్చింది. ఆకారం ఉంది కాబట్టే ఒకే ముడిసరుకుతో వేరువేరు వస్తువులు సాధ్యమయ్యాయి. గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. తేనెలో, పళ్ళలో ఉండే ఫ్రక్టోజ్‌లోనూ సరిగ్గా అవే, అన్నే. ఏది దేనికి అతుక్కుంది అన్నదొక్కటే తేడా. ఆ చిన్న తేడాకే ఫ్రక్టోజ్ నాలుక మీద ఎక్కువ తియ్యగా ఉంటుంది. మన ఒంట్లోని మాంసకృత్తులు, జన్యువులు, కొవ్వులు అన్నీ ఈ బంధం మీద నిలబడ్డవే. ఉప్పులో ఇలాంటి వైవిధ్యానికి చోటు లేదు. ఒక సోడియాన్ని తీసి పక్క సోడియం స్థానంలో పెడితే మళ్ళీ అదే ఉప్పు.

ఇక్కడ ఒక అపోహ గురించి గట్టిగా చెప్పాలి. అయానిక పదార్థాలకు ద్రవీభవన స్థానం ఎక్కువ, సమయోజనీయ పదార్థాలకు తక్కువ అని పట్టికలో ఉంటుంది. దాన్ని చదివి, సమయోజనీయ బంధం బలహీనమైనదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పొయ్యి మీద నీళ్ళు మరిగేటప్పుడు ఆవిరిలో పైకి వచ్చేది నీరే, హైడ్రోజనూ ఆక్సిజనూ కాదు. లోపలి బంధం ఒక్కటీ తెగలేదు. అణువుకూ అణువుకూ మధ్య ఉన్న తేలికపాటి ఆకర్షణ తెగింది, అంతే. 18 గ్రాముల నీటిని మరుగు దగ్గర ఆవిరి చేయడానికి 41 కిలోజౌళ్ళు చాలు. అదే నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ బంధాలన్నీ తెంచాలంటే 900 కిలోజౌళ్ళు దాటుతుంది. హారతి పళ్ళెంలో వెలిగించకుండా వదిలేసిన కర్పూరం బిళ్ళ నాలుగు రోజులకు హరించుకుపోతుంది చూడండి, దాని అణువులు ఒక్కొక్కటీ చెక్కుచెదరకుండా గాలిలోకి లేచిపోతాయి.

మరి విడి అణువులుగా కాకుండా, సమయోజనీయ బంధమే ఎడతెగకుండా వస్తువంతా అల్లుకుంటే? అదే వజ్రం. ప్రతి కార్బన్ చుట్టూ నాలుగు కార్బన్లు, ఒక్కో దానికి మళ్ళీ నాలుగు, రాయి అంచు దాకా అంతే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో ఒకప్పుడు తవ్వి గోల్కొండ సంతల్లో అమ్మిన రాళ్ళన్నీ సమయోజనీయ బంధాల కట్టడాలే. ప్రకృతిలో దొరికే పదార్థాల్లో వాటిని మించిన కఠినమైనది లేనట్టే. వజ్రాన్ని తలుచుకున్నవాళ్ళు ఈ బంధాన్ని బలహీనమని ఇక అనలేరు.

పంచుకోవడం అన్నాం కదా, అది ఎప్పుడూ సరిసమానంగా ఉంటుందా? రెండు క్లోరిన్ల మధ్య అయితే ఉంటుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ మధ్య ఉండదు, ఆక్సిజన్ జతను తన వైపు ఎక్కువ లాక్కుంటుంది. ఇలా లాక్కునే శక్తిని రుణవిద్యుదాత్మకత అంటారు. 1932లో లైనస్ పాలింగ్ దీనికి ఒక కొలమానం ఇచ్చాడు. దాని మీద సోడియం 0.93, హైడ్రోజన్ 2.20, క్లోరిన్ 3.16, ఆక్సిజన్ 3.44, అన్నిటి కన్నా పైన ఫ్లోరిన్ 3.98. తేడా సున్నా అయితే సమాన పంపకం. తేడా పెరిగే కొద్దీ ఎలక్ట్రాన్ జత ఒకవైపు ఒరుగుతుంది. బాగా పెరిగితే ఎలక్ట్రాన్ దాదాపు పూర్తిగా అటే చేరి అయాన్లు ఏర్పడతాయి. అంటే రెండు బంధాల మధ్య గోడ లేదు. తేడా 1.7 దాటితే అయానికం అని పరీక్షల్లో ఒక సూత్రం వాడతారు. వాడుకకు పనికొస్తుంది, కానీ దాన్నే నమ్ముకుంటే బోల్తా పడతాం. హైడ్రోజన్, ఫ్లోరిన్ మధ్య తేడా 1.78. సూత్రం ప్రకారం అది ఉప్పులాంటి గట్టి పదార్థం కావాలి. కానీ హైడ్రోజన్ ఫ్లోరైడ్ 20 డిగ్రీలలోపే మరిగి వాయువైపోయే అణువుల పదార్థం. ఉప్పునే తీసుకున్నా, విపరీతమైన వేడికి అది ఆవిరైనప్పుడు ఆ ఆవిరిలో సోడియం, క్లోరిన్ నిజంగానే జంటలుగా తిరుగుతాయి. అందుకే ఉప్పుకు అణువు లేదన్న మాటను స్ఫటికంగా ఉన్న ఉప్పు గురించే అంటున్నాను.

లోహం, అలోహం కలిస్తే అయానికం, రెండు అలోహాలు కలిస్తే సమయోజనీయం అన్న సూత్రమూ ఇలాంటిదే. దీనికి అడ్డం తిరిగే పదార్థం ఒకటి మన పాత వీధుల్లోనే ఉండేది. ఇత్తడి గుండిగలకు, రాగి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళ పని గుర్తు చేసుకోండి. గిన్నెను శుభ్రంగా తోమి, బొగ్గుల మీద పెట్టి, తిత్తి ఊదుతూ కాలుస్తారు. లోపల నవాసాగరం పొడి చల్లుతారు. తగరం కడ్డీ తాకిస్తే కరిగి వెండిలా మెరుస్తుంది. దూది ఉండతో గబగబా గిన్నె అంతా తుడిచేస్తే కళాయి పట్టేస్తుంది. నవాసాగరం చల్లిన క్షణాన గుప్పున తెల్లటి పొగ లేస్తుంది, ముక్కు పుటాలు అదరగొట్టే ఘాటు. నవాసాగరమంటే అమ్మోనియం క్లోరైడ్. నైట్రోజన్, హైడ్రోజన్, క్లోరిన్, మూడూ అలోహాలే, లోహం చుక్క కూడా లేదు. అయినా అది అయానిక పదార్థం. నాలుగు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్ సమయోజనీయ బంధాలతో కలిసి ఒక ధనాత్మక అయాన్‌గా ఉంటాయి, దాన్ని క్లోరైడ్ అయాన్ పట్టుకుని ఉంటుంది. కాల్చిన గిన్నె వేడికి ఆ అయాన్ల అల్లిక విడిపోయి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులవుతుంది. రెండూ మామూలు సమయోజనీయ అణువులు. హైడ్రోజన్ క్లోరైడ్ గిన్నెకు పట్టిన ఆక్సైడ్ మకిలిని తినేసి, తగరం అంటుకునేలా లోహాన్ని బయటపెడుతుంది. మిగిలిన వాయువులు పైకి లేచి చల్లారగానే మళ్ళీ కలిసి సన్నటి నవాసాగరం రేణువులవుతాయి. ఆ తెల్లటి పొగ అదే. అయానికం నుంచి సమయోజనీయానికి, మళ్ళీ అయానికానికి, ఒక్క నిమిషంలో మన కళ్ళ ముందు జరిగిపోయే ప్రయాణమది. పాఠశాలలో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. గాలి ఆడే చోట, పెద్దవాళ్ళ చేతుల మీదుగా, కాస్త దూరంగా నిలబడి చూడాలి.

ఇలా రెండు బంధాలూ ఒకే వస్తువులో ఉండడం అరుదేమీ కాదు. వంట సోడా, సున్నం, పటిక, సురేకారం, మైలుతుత్తం, అన్నీ అంతే.

ఇంతకీ ఉప్పు నీళ్ళలో ఎలా కరుగుతుంది? 801 డిగ్రీల మంటకు గాని లొంగనిది చల్లటి నీళ్ళకు ఎలా లొంగింది? నీటి అణువులో ఎలక్ట్రాన్ జత ఆక్సిజన్ వైపు ఒరిగి ఉందని చెప్పుకున్నాం. కాబట్టి ఆక్సిజన్ కొసన కాస్త రుణావేశం, హైడ్రోజన్ కొసల్లో కాస్త ధనావేశం ఉంటాయి. నీటి అణువులు ఆక్సిజన్ కొసలతో సోడియాన్నీ, హైడ్రోజన్ కొసలతో క్లోరైడునూ చుట్టుముడతాయి. రెండు అయాన్ల నడుమ నీరు చేరితే వాటి మధ్య ఆకర్షణ 80వ వంతుకు పడిపోతుంది. ఉప్పు అల్లిక విప్పడానికి 787 కిలోజౌళ్ళు ఖర్చు కావాలా, అయాన్లను చుట్టుకోవడంలో నీరు దాదాపు 783 తిరిగి ఇచ్చేస్తుంది. మిగిలిన ఆ చిన్న లోటు, అయాన్లు నీరంతా చెదిరిపోవడంలో ఉన్న మొగ్గు ముందు లెక్కలోకి రాదు. నూనెకు ఈ శక్తి లేదు. ఆవకాయ జాడీలో ఉప్పు నూనెలో కరగదు, ముక్కలోంచి ఊరే నీటిలోకే దిగుతుంది.

పంచదార కరిగే తీరు వేరు. దాని అణువు మీద ఆక్సిజన్, హైడ్రోజన్ కొసలున్నాయి, నీరు వాటిని పట్టుకుని అణువును అణువుగానే బయటికి తీసుకువస్తుంది. 45 పరమాణువులూ ఒక్కటీ విడిపోకుండా నీటిలో తేలుతాయి. రెండు కరుగుళ్ళకూ ఉన్న ఈ తేడాను కరెంటుతో పట్టుకోవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ, చిన్న ఎల్‌ఈడీ దీపం, దానికి రక్షణగా ఒక రెసిస్టరు, రెండు తీగలు చాలు. తీగల కొసలు పంచదార నీళ్ళలో ముంచితే దీపం దాదాపు వెలగదు. ఉప్పు నీళ్ళలో ముంచితే వెలుగుతుంది. పొడి ఉప్పులో గుచ్చితే మళ్ళీ వెలగదు, అక్కడ అయాన్లున్నా కదలలేవు. గోడ ప్లగ్గులోని కరెంటుతో మాత్రం ఎవరూ ఈ ప్రయోగం చేయకూడదు, ప్రాణం పోతుంది. స్వీడన్‌లో స్వాంటే అరేనియస్ 1884లో ఇదే చెప్పాడు, ఉప్పు నీటిలో కలిస్తే చాలు, అయాన్లుగా విడిపోతుందని. ఆయన పరిశోధనకు విశ్వవిద్యాలయం అత్తెసరు మార్కులిచ్చి పంపింది. 1903లో నోబెల్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది.

నీటిలో ఉప్పు విడిపోతుంది, పంచదార విడిపోదు. ఈ తేడా మన ప్రాణాలు కాపాడుతోంది. పేగు లోపలి గోడ కణాల్లో ఒక ప్రొటీన్ ఉంది. అది గ్లూకోజ్ అణువును లోపలికి మోయాలంటే రెండు సోడియం అయాన్లు కూడా తోడు రావాలి. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ జోడు ప్రయాణాన్ని వివరించాడు. సోడియం దానికి క్లోరైడ్‌తో కలిసి ముద్దగా పనికిరాదు, నీటిలో విడిపోయిన అయాన్‌గానే కావాలి. గ్లూకోజ్ ముక్కలుగా పనికిరాదు, ఆకారం చెడని నిండు అణువుగా కావాలి. ఎంత కచ్చితంగానంటే, అవే పరమాణువులున్న ఫ్రక్టోజ్‌ను ఆ ప్రొటీన్ మోయదు. ఈ రెండూ లోపలికి వెళితే వాటి వెంట నీరూ వెళుతుంది. కలరా వచ్చి వట్టి నీళ్ళు తాగినా ఒంట పట్టని మనిషికి, ఈ దారి గుండా నీరు పడుతుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంట సోడా, గ్లూకోజ్ పొడి కలిపిన పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీటితో కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. ఆ శిబిరంలో కలరా మరణాలు నూటికి 4 లోపుకు దిగాయి. 2023లో, ఆయన పోయాక, దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఇవాళ మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లాంలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి.

పొట్లాం దొరక్కపోతే ఇంట్లోనే కలుపుకోవచ్చు. కాచి చల్లార్చిన నీరు ఒక లీటరు, తలకొట్టి కొలిచిన టీ చెంచాలతో పంచదార ఆరు, ఉప్పు అర చెంచా. పంచదారను పేగే గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొట్టుకుంటుంది. తియ్యగా ఉంటే పిల్లలు తాగుతారని పంచదార పెంచకండి, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. ఉప్పు పెంచడం అంతకన్నా ప్రమాదం. ఒకసారి కలిపింది 24 గంటలు దాటితే పారబోసి మళ్ళీ కలపండి. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రావడం తగ్గినా, నెత్తురు పడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.